కొళత్తూరు చేప, నెల్లూరు కొట్టు

తెల్లవారుజామున మూడున్నరకి వ్యాను మా బావ ఇంటి ముందు ఆగింది. నెల్లూరులో ఆయనకి రంగు చేపల కొట్టుంది. పది అడుగుల గది, గోడల పొడవునా మూడు వరసల గాజు ట్యాంకులు. నెలకోసారి సరుకు కోసం చెన్నైలోని కొళత్తూరు వెళ్తాడు. "ఒకసారి చూద్దువుగానీ రారా" అంటే ఈసారి నేనూ ఎక్కాను.

గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నిద్రలోనే దాటిపోయాయి. తడ దాటాక టీ తాగాం. రెడ్‌హిల్స్ చేరేసరికి బాగా తెల్లారింది. అక్కణ్నుంచి పుళల్ మీదుగా కాసేపట్లో కొళత్తూరు.

రంగు చేపల వ్యాపారానికి దేశంలో పేరున్న చోట్లలో ఇదొకటి. వీధిలో కిరాణా కొట్టు కన్నా చేపల కొట్టే ముందు కనిపిస్తుంది. గోల్డ్‌ఫిష్, గప్పీ, మోలీ, ఏంజెల్, కోయి... గుమ్మాల ముందు ప్లాస్టిక్ టబ్బులు, మేకులకి వేలాడే కవర్లు, వాటిలో చేపలు. చుట్టుపక్కల ఊళ్లలో సిమెంటు తొట్లలో, గుంటల్లో పెంచినవి ఇక్కడికొస్తాయి. ఇక్కణ్నుంచి మనలాంటి ఊళ్లకి వెళ్తాయి.

మా బావ వెళ్లగానే ధర అడగలేదు. ప్రతి టబ్బు దగ్గరా ఊరికే నిలబడి చూశాడు. రెక్కలు ముడుచుకున్నవి, పైకొచ్చి నోరు తెరుస్తున్నవి, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నవి ఒక్కటి కనిపించినా ఆ టబ్బు మొత్తం వదిలేశాడు. ఒకాయన అరవం, తెలుగు కలిపి, "సగం రేటుకిస్తా అణ్ణా, తీసుకో" అన్నాడు. బావ నవ్వి ముందుకి నడిచాడు. "ఆ సగం రేటు చేప నా కొట్లోకొస్తే పూర్తి రేటు పెట్టి కొన్నవాటినీ చంపుద్ది" అన్నాడు నాతో.

కొన్నవాటిని కవర్లలో కట్టడం చూడముచ్చటగా ఉంది. మూడో వంతు నీళ్లు, మిగతాదంతా సిలిండరు నుంచి ఆక్సిజన్, మూతికి బిగించి రబ్బరు బ్యాండు. ముందురోజు నుంచి వాటికి మేత పెట్టరట. కడుపు ఖాళీగా ఉంటే కవర్లో నీళ్లు పాడు కావు. థర్మాకోల్ డబ్బాల్లో సర్ది పదింటికల్లా వెనక్కి తిరిగాం.

మధ్యాహ్నానికి కొట్టు చేరాం. కవర్లని అలాగే ట్యాంకు నీళ్లలో తేలేసి ఇరవై నిమిషాలు ఆగాడు. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి రావాలి. తర్వాత చేపల్ని వలతో తీసి వెనక గదిలో వేరే ట్యాంకుల్లో వేశాడు. వాటి మీద 'అమ్మకానికి కావు' అని చీటీ. వారం పాటు అంతే. ఈ వారంలో కొన్ని పోతాయి. ఆ నష్టం మిగిలినవాటి ధరలోనే రాబట్టుకోవాలి. అమ్మని చేపకీ మేత, కరెంటు, గది అద్దె తప్పవు కదా!

సాయంత్రం ఒకాయన ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకుని వచ్చాడు. రేపు పాప పుట్టినరోజు. ఒక గుండ్రటి బౌల్, రెండు గోల్డ్‌ఫిష్ కావాలి. పాప వెనక గదిలోకి తొంగిచూసి కొత్తవాటిని చూపించింది.

"అవి ఇప్పుడే వచ్చాయమ్మా, వారం ఆగాలి" అన్నాడు బావ. బౌల్ సంగతీ చెప్పాడు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరిగే చేప. వదిలే మలినం ఎక్కువ. దాన్నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని విరిచే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టరు లేని బౌల్‌లో ఆ నీళ్లు వాటికి విషమే.

ఆయనకి చిరాకేసింది. "డబ్బులిస్తానంటుంటే పాఠం చెప్తారేంటండీ? పక్క వీధిలో ఇస్తారులే" అని పాప చెయ్యి పట్టుకున్నాడు.

నిజమే, ఇస్తారు. 2017లో కేంద్రం చేపల్ని బౌళ్లలో ఉంచకూడదంటూ నిబంధనలు తెచ్చి, కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది. ఇక మిగిలింది అమ్మేవాడి మాటే.

"ఇంతకుముందు నేనూ అమ్మాన్రా బౌళ్లు. అద్దె కట్టాల్సిన రోజున ఎవరికి పాఠం చెప్తాం? నాలుగు రోజులకి చేప చస్తే నా చేపే మంచిది కాదనుకుంటారు. మళ్లీ రారు. ఈ కొట్లో లాభం చేపలో లేదు. మేతలో, ఫిల్టర్లో, మందులో ఉంది. చేప బతికుంటేనే అవి కొంటారు" అన్నాడు నాతో మెల్లగా.

అంటూనే గుమ్మం దాకా వెళ్లి వాళ్లని పిలిచాడు. పోయిన నెల సరుకులోని నీలం ఫైటర్‌ని చూపించాడు. అది పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలదు, కాబట్టి పంపు లేకపోయినా పర్లేదు. ఒక్కటే ఉండాలి, తోడు పెడితే కొట్లాడుకుంటాయి. పదిహేను లీటర్ల చిన్న ట్యాంకుని దాదాపు కొన్న ధరకే ఇచ్చాడు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవడానికి చుక్కల మందు, ఒక మేత డబ్బా. రోజుకి నాలుగు గింజలు చాలు, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చమన్నాడు. బౌల్ బేరం కుదిరుంటే మిగిలేదానిలో ఇది సగం కూడా కాదు. పాప మాత్రం ట్యాంకుని రెండు చేతులా పట్టుకునే వెళ్లింది.

నీళ్లు పచ్చబడ్డాయి, చేప తినట్లేదు అంటూ రోజంతా ఫోన్లు వస్తూనే ఉంటాయి. దానికి బావ పెట్టుకున్న లెక్క ఒకటే: ఫోన్లో సలహాకి డబ్బుల్లేవు, ఇంటికెళ్లి ట్యాంకులో చెయ్యి పెడితే మాత్రం తీసుకుంటాడు.

రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించుతుంటే మళ్లీ ఫోను. సాయంత్రం వచ్చినాయనే. గొంతులో కంగారు. చేప అడుక్కి పోయి కదలట్లేదట, పాప ఏడుస్తోందట.

"మొప్పలు ఆడుతున్నాయా సార్?"

అటునుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. ఆడుతున్నాయన్నారు కాబోలు.

"నిద్రపోతోంది సార్. లైటు ఆపండి. పాపని కూడా పడుకోమనండి" అని ఫోన్ జేబులో పెట్టుకుని తాళం వేశాడు బావ.