డొంకదారి బండి

పాతవస్తువు రూపము మారినపుడు మనకు రెండు విధములగు దుఃఖములు కలుగుచుండును. ఒకటి వస్తువును గూర్చినది. రెండవది గడచిపోయిన మన యౌవనమును గూర్చినది. ఈ రెండింటిని వేఱుచేసి చూడనిచో మన యభిప్రాయమునకు విలువ యుండదు. థార్ అను జీపుబండి రూపము మారుటను గూర్చి మా యింట జరిగిన వాదములు వినగా మాకిట్లు తోచినది.

పల్నాటి రేగడినేల నెఱుగనివారికి జీపు గొప్పతనము తెలియదు. కార్తికమాసమున వాన కురిసిన మఱునాడు డొంకలో అడుగిడినచో మట్టి చెప్పును పట్టుకొని విడువదు. ఒంగోలు ఎడ్లు సైతము దిగబడును. అట్టి దారిని నాలుగు చక్రములును లాగు బండి గాని పత్తిచేనికి చేరలేదు. అమెరికా సైన్యము వాడిన విల్లీసు జీపులను 1947లో మహీంద్రావారు మన దేశమున కూర్చ నారంభించిరి. ఆ వంశమున 2010లో పుట్టినది థార్. గుడ్డకప్పు, వెనుక ఎదురెదురుగా రెండు బల్లలు. అంతకు మించి ఆడంబరము లేదు. మా యింటి పాతజీపు బల్లలపై మిరపటిక్కీలును ఎక్కినవి, పురిటినొప్పులు పడు స్త్రీలును ఎక్కిరి.

2020వ సంవత్సరమున థార్ రూపము పూర్తిగ మార్చబడినది. గట్టికప్పు వచ్చినది. వెనుక కూర్చుండువారు ముందువైపునకే చూచునట్లు ఆసనములు అమరినవి. గేర్లు తమంత మారు ఏర్పాటు గల బండ్లును వచ్చినవి. ఆ యేడే గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు బండిని గోడకు గుద్దించి పరీక్షించి 4 నక్షత్రము లిచ్చిరి. 2024 ఆగస్టులో అయిదు తలుపుల థార్ రాక్స్ వెలువడినది. భారత్ ఎన్‌క్యాప్ వారు దానికి 5 నక్షత్రము లిచ్చిరి.

“ఇది జీపు కాదు, పల్లకీ” అని మా పెదనాన్నగారు ఈసడించిరి. మేము వారితో ఏకీభవింపజాలము. ప్రక్కబల్లపై పట్టీ లేక కూర్చున్నవారికి బండి బోల్తాపడినచో ఏమగునో వారెఱుగనిది కాదు. ఇనుపపట్టా గల కఱ్ఱచక్రములు పోయి రెండెడ్ల బండికి రబ్బరుచక్రములు వచ్చినపుడు బండి యందము తగ్గినదని చింతించినవారుండవచ్చును. ఎడ్లు మాత్రము చింతించియుండవు. మార్పు మంచిదో చెడ్డదో భారము మోయువారిని అడుగవలెను గాని చూచువారిని గాదు.

అయినను ఒక్క సంగతి మాకు నచ్చలేదు. 2023లో వెనుక చక్రములు మాత్రమే లాగు థార్‌ను గూడ అమ్మకమునకు పెట్టిరి. పట్టణపు బాటలకది చాలును, వెలయు తగ్గును, కావున తప్పనరాదు. కాని దాని వేషము డొంకది, నడక రాజవీథిది. పనికై పుట్టిన రూపము హోదాకై నిలిచినపుడు ఎట్టి యనర్థము కలుగునో మేము కన్నులార చూచితిమి.

నరసరావుపేటకు పడమట నొక గ్రామమున మా బంధువుల యింట పెండ్లిమాటలు జరిగినవి. ఆడపిల్ల తండ్రి మూడెకరముల మిరపచేను గల రైతు. పిల్ల బి.యస్సీ. చదివినది. అన్నియు కుదిరినవను సమయమున వరుని మేనమామ చిఱునవ్వుతో, “కట్నం మాటెందుకులే బావగారూ, కుర్రవాడు ఆ అయిదు తలుపుల బండి ముచ్చటపడుతున్నాడు” అనెను. విడుదలనాటి దాని యారంభధరయే 12 లక్షల 99 వేలు. తండ్రి తల వంచుకొనెను. మేము గోడవైపు చూచుచుంటిమి. అంతట లోపలినుండి పిల్ల వచ్చి, “నాన్నా, చేను అమ్మితే గాని ఆ బండి రాదు. చేనే లేనప్పుడు డొంకలో నడిచే బండి మనకెందుకు?” అని అడిగెను. ఎవ్వరును మాటాడలేదు. కాఫీలు చల్లారినవి. సంబంధము తప్పిపోయినది.

వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. అంతకుముందు మన పెద్దలు కన్యాశుల్కమును ఖండించి గ్రంథములు వ్రాసిరి. కాని యీ దురాచారమునకును నూతన రూపకల్పన జరుగుచునే యున్నది. నగదు బంగారమైనది, బంగారము స్కూటరైనది, స్కూటరు కారైనది. ఇప్పుడది ముచ్చట యను పేరుతో నడచుచున్నది. బండికి రూపము మారిన కొలది లోపలివారికి క్షేమము పెరిగినది. దీనికి రూపము మారిన కొలది గుర్తుపట్టుట కష్టమైనది, అంతియే.

మిరపకోతలకు పోవు కూలిస్త్రీలు నేటికిని ఆటోలలోను ట్రాక్టరు ట్రక్కులలోను క్రిక్కిరిసి పోవుచున్నారు. ప్రాణరక్షణ యేర్పాట్లు కలిగిన బండి వారివైపు పోదు, పెండ్లివాకిట నిలుచును. బండి యేమి చేయును? ఎక్కడికి పోవలెనో చెప్పునది మనము గదా.

ఆనాడు పిల్ల చెప్పిన మాట మేము చెప్పవలసినది. వయస్సున పెద్దలము, చదివినవారము, పత్రికలకు వ్యాసములు వ్రాయువారము, గోడవైపు చూచితిమి. జీపు క్రొత్తరూపమును గూర్చి మా యభిప్రాయ మడిగిన మిత్రులకు మేలైనదనియే చెప్పుచున్నాము. మా రూపమును గూర్చి అడిగినచో మాత్రము ఇంకను కొంత మార్పు కావలసియున్నదని ఒప్పుకొనక తప్పదు.