నిచ్చెన ఎక్కిన చదువు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో చేరడానికి ఎంట్రన్సు లేదు, ర్యాంకు లేదు. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. అలాంటి కాలేజీలు ఆ రాష్ట్రంలో ఇప్పుడు 116 ఉన్నాయి. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన నాకు ఈ సంగతి నమ్మబుద్ధి కాలేదు. హెచ్4 వీసా మీద భర్త వెంట సన్నీవేల్ వచ్చిన నాలాంటివాళ్లకు అప్పట్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. చదువుకోవచ్చు. అలా పక్క ఊరు కుపర్టినోలోని డి ఆంజా కాలేజీలో, పర్యావరణ విభాగం వాళ్ల ఎనర్జీ కోర్సుల్లో చేరాను.

మా క్లాసులు కిర్ష్ సెంటర్‌లో జరిగేవి. 2005లో తెరిచిన ఆ భవనానికి, హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు ఉంది. చల్లగాలి పైకప్పులోంచి కాక నేలలోంచి నెమ్మదిగా వచ్చేది. మాకు పాఠ్యపుస్తకం ఎంతో ఆ భవనం అంత. మాస్టారు మమ్మల్ని బయటికి తీసుకెళ్లి, ఎండ ఏ వేళకు ఏ గోడ మీద పడుతుందో చూపించి, లోపలికొచ్చాక లెక్క వేయించేవారు. హైదరాబాదులో ఇంజనీరింగు చదివినన్నాళ్లూ నేను కూర్చున్న గదికి కరెంటు ఎంత ఖర్చవుతుందని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

2008 మాంద్యం దెబ్బ ఇంకా మానని రోజులవి. ఇళ్ల నిర్మాణం ఆగిపోయి పని పోయిన వడ్రంగి ఒకాయన మా క్లాసులో ఉండేవాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సు, అప్పుడే హైస్కూలు దాటిన పిల్లలు, రిటైరైన ఇంజనీరు కూడా ఉండేవారు. ఒబామా ప్రభుత్వం 2009లో తెచ్చిన రికవరీ చట్టంలో పేదల ఇళ్లకు ఇన్సులేషన్ వేయించే పథకానికి 500 కోట్ల డాలర్లు, హరిత ఉద్యోగాల శిక్షణకు 50 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ కబురు విని వచ్చినవాళ్లే సగం మంది. వాళ్లెవరూ భూగోళాన్ని కాపాడతామంటూ రాలేదు, పని కోసం వచ్చారు. అందుకేనేమో శ్రద్ధగా నేర్చుకున్నారు.

నాకు బాగా గుర్తున్నది ఒక చలికాలపు శనివారం. మా సహాధ్యాయి ఒకామె పాత ఇంటికి ఆమె ఎరిగిన కాంట్రాక్టరు బ్లోయర్ డోర్ పట్టుకొచ్చాడు. వీధి తలుపు తెరిచి, ఆ చట్రంలో గుడ్డ బిగించి, మధ్యలో పెద్ద ఫ్యాను పెడతారు. అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంది. లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ పీడన తేడా వచ్చేదాకా ఫ్యాను వేగం పెంచుతారు. అప్పుడు ఇంటికి ఎక్కడెక్కడ సందులున్నాయో అక్కడల్లా బయటి గాలి లోపలికి తోసుకొస్తుంది. కిటికీల దగ్గర వస్తుందని నేను అనుకున్నాను. స్విచ్‌బోర్డుల వెనక నుంచి, సీలింగులో దింపిన లైట్ల చుట్టూ, అటక మూత అంచుల నుంచి చేతికి చల్లగా తగిలింది. థర్మల్ కెమెరాలో ఆ చోట్లన్నీ నీలంగా కనిపించాయి. వడ్రంగి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను బిగించిన తలుపులన్నీ మళ్లీ వెళ్లి చూసుకోవాలనిపిస్తోంది" అన్నాడు.

నిచ్చెన వేసుకుని అటకెక్కాం. హీటరు గొట్టం, అంటే డక్టు, ఒకచోట కీలు ఊడి, వేడి గాలంతా అటకలోకే పోతోంది. ఎవరో దానికి ఎప్పుడో డక్టు టేపు చుట్టారు, అది ఎండి పెచ్చులు లేచింది. ఆ పేరు పెట్టుకున్న టేపు ఆ గొట్టాల కీళ్లకే పనికిరాదని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 1998లో పరీక్షించి తేల్చింది. మాస్టిక్ అనే చిక్కటి పూత బ్రష్షుతో పూయాలి. మోకాళ్ల మీద పాకుతూ నేనే పూశాను. నా చేత్తో ఇంట్లో కరెంటూ గ్యాసూ మిగిల్చిన మొదటి పని అది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ సంగతి ఫోనులో చెబితే అమ్మ బాధపడింది. "బీటెక్ చదివించింది అటకలెక్కడానికా తల్లీ?" అంది. ఆవిడ తప్పేం లేదు. చేతులకు మసి అంటితే చదువు చదువు కాదని మనవాళ్లంతా నమ్ముతారు. ఆ నమ్మకం వల్ల మనకు జరిగే నష్టం చిన్నది కాదు.

2012 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపోజిషన్ 39ను గెలిపించారు. దాంతో బడుల్లో, కమ్యూనిటీ కాలేజీల్లో కరెంటు ఆదా పనులకు డబ్బు వచ్చింది. 2015లో హెచ్4 వీసా మీద ఉన్న మాలో కొందరికి ఉద్యోగ అనుమతి దొరికింది. నేను బడులకు ఎనర్జీ ఆడిట్లు చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. తరగతి గదుల్లో ట్యూబులైట్లు లెక్కపెట్టడం, పాత ఏసీల నంబర్లు రాసుకోవడం, బిల్లులతో సరిపోల్చడం నా పని. మా జట్టులో ముందుండి నడిపించింది కమ్యూనిటీ కాలేజీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే. కొలతలు తీయడం వాళ్లకు చేతనైన పని.

అంతా సాఫీగా సాగలేదు. 2023 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఇంటి కప్పు మీద తయారైన కరెంటును గ్రిడ్డుకు అమ్మితే వచ్చే ధర కొత్త దరఖాస్తులకు బాగా తగ్గించారు. సోలార్ బిగించేవాళ్లు చాలామంది పనులు పోగొట్టుకున్నారు. నేను చూసినంతలో ప్యానెల్ బిగించడం ఒక్కటే నేర్చినవాళ్లు ఎక్కువ దెబ్బతిన్నారు. ఇల్లంతా కొలవడం వచ్చినవాళ్లు నిలబడ్డారు. శిక్షణ ఇచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో సోలార్ బిగించే పని నేర్పే సూర్యమిత్ర శిక్షణ 2015 నుంచి ఉంది. 600 గంటలు, ఉచితం. మంచి పథకమే, కానీ అది ముఖ్యంగా ఐ.టి.ఐ. వంటి చదువు చదివినవాళ్ల కోసం. నలభై ఏళ్ల గృహిణి, పనిలో ఉన్న ఎలక్ట్రీషియన్, పొలం వదిలి పట్నం వచ్చిన రైతు వెళ్లి కూర్చునే క్లాసు కావాలి. 2024లో కోటి ఇళ్ల మీద సోలార్ అంటూ పీఎం సూర్యఘర్ మొదలైంది. ఆ ఇళ్లకు బిగించేవాళ్లు, కొలిచేవాళ్లు, బాగుచేసేవాళ్లు కావాలి. మన జిల్లా పాలిటెక్నిక్‌లు సాయంత్రాల్లో తలుపులు తెరిచి, ర్యాంకూ వయసూ అడగకుండా వాళ్లను చేర్చుకోవాలి. అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న చెల్లెళ్లకు ఒక మాట. కాలిఫోర్నియా నివాసులకు 2012 నుంచి సెమిస్టరు యూనిట్ ఫీజు 46 డాలర్లే. మీ దగ్గర్లోని కాలేజీకి వెళ్లి అడగండి.