మందు వెయ్యని జాడీ

2023 వేసవిలో నేను అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మా అబ్బాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. ఆ ఇంట్లో నన్ను అన్నిటికన్నా ఆకర్షించినది మా మనుమడి గాజుతొట్టె. అందులో ఉప్పునీరు, ఆ నీటిలో ప్రాణమున్న పగడాలు!

బాలలూ, పగడమంటే హారంలో గుచ్చే ఎర్రపూస ఒక్కటే కాదు. వేలకొద్దీ చిన్న చిన్న జంతువులు ఒకదాని నొకటి అంటుకుని, సున్నపు గూళ్ళు కట్టుకుని బతుకుతాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచుమొక్కలు కాపురం ఉంటాయి. అవి వెలుతురు సాయంతో ఆహారం తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తాయి.

మన దేశంలో రాతిపగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షణ ఉన్నది. వాటిని సముద్రంలోనుంచి తీయటం నేరం. మా మనుమడి దగ్గర ఉన్నవి అక్కడ తొట్లలో పెంచి అమ్మే ముక్కలు.

ఒకనాటి సాయంకాలం వాడు ఏడుపు ముఖంతో నా దగ్గిరికి వచ్చాడు. జింకకొమ్ములాటి పగడం ఒకటి వాడికి ప్రాణం. వేలెడు ముక్క తెచ్చి, రెండేళ్ళు పెంచి, జానెడు చేశాడు. అది మొదట్లో తెల్లబడి పోతున్నది. భూతద్దం పెట్టి చూస్తే గుండ్రని కాట్లు కనిపించాయి. అవి పగడాన్ని తినే ఒకరకం చదును పురుగుల పని. ఆ పురుగులు పగడం రంగులోనే కలిసిపోయి ఉంటాయి గనక, ఎంత వెతికినా సులభంగా కనిపించవు.

వాడి చేతిలో ఒక మందు సీసా ఉన్నది. దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్నాడు. "తొట్టెలో పోస్తే చాలు. పురుగులన్నీ పోతాయి. మిగతా ప్రాణులకు హాని లేదు" అని దానిమీద రాసి ఉన్నది. లోపల ఏమున్నదో మాత్రం రాయలేదు.

"ఇదంతా మోసంరా! అవతల పారెయ్యి," అన్నాను.

"మోసమని నీకెలా తెలుసు, తాతయ్యా? నువ్వు కూడా పరీక్ష చెయ్యకుండానే చెబుతున్నావుగా?" అన్నాడు వాడు.

నాకు నోట మాట రాలేదు. ఏదీ పరీక్షించకుండా నమ్మవద్దని ముప్ఫై ఆరేళ్ళు బడిలో చెప్పినవాణ్ణి. పరీక్షించకుండా కొట్టిపారెయ్యటం కూడా అటువంటి తప్పే గదా!

అప్పుడు వాడికి జేమ్స్ లిండ్ సంగతి చెప్పాను. ఆయన ఓడ వైద్యుడు. 1747 లో ఆయన ఓడలో నావికులకు స్కర్వీ వ్యాధి వచ్చి, చిగుళ్ళు చివికి, బలం ఉడిగిపోయింది. లిండ్ పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, అందరికీ ఒకే తిండి పెట్టి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. నారింజలూ, నిమ్మపళ్ళూ తిన్న జత అందరికన్నా త్వరగా కోలుకున్నది. తక్కిన జతలు పక్కన లేకపోతే ఆ సంగతి తేలేది కాదు.

మరునాడు మేము పగడంనుంచి రెండు ముక్కలు విరిచి, రెండు జాడీలలో తొట్టెనీరే పోసి, ఒక్కొక్క ముక్క వేశాం. ఏ జాడీలో మందు వెయ్యాలో నాణెం ఎగరేసి నిర్ణయించాం. సీసామీద చెప్పిన కొలత ప్రకారమే మందు కలిపాం. పావుగంట తరవాత రెండు ముక్కలమీదా పిచికారీతో నీళ్ళు చిమ్మి, రాలిన పురుగులను లెక్కపెట్టమని మా కోడలికి ఇచ్చాం. మందు ఏ జాడీలో ఉన్నదో ఆమెకు చెప్పలేదు.

మందు జాడీలో ఏడు పురుగులు రాలాయి. మందు వెయ్యని జాడీలో ఆరు! అంటే ఉత్త నీటి దెబ్బకే పురుగులు ఊడివస్తున్నాయన్నమాట. మందు జాడీ ఒక్కటే చూసి ఉంటే, అదంతా మందు మహిమే అనుకునేవాళ్ళం. పైగా ఆ జాడీలో నాలుగు పురుగులు ఇంకా పాకుతూనే ఉన్నాయి. రెండు ముక్కల అడుగునా, కండ పోయిన చోట, గోధుమరంగు గుడ్లు అతుక్కుని ఉన్నాయి. గుడ్లు ఉన్నంతకాలం పురుగులు మళ్ళీ పుడుతూనే ఉంటాయి.

"అయితే మందు పనికిరాదన్నట్టేనా?" అన్నాడు మనుమడు.

"ఒక్కసారి చూసి అంతమాట అనలేం. సీసామీద రాసినంత పని ఇక్కడ జరగలేదని మాత్రం అనవచ్చు. తొట్టెలో రొయ్యలూ, నత్తలూ ఉన్నాయి. ఒకసారి పోసిన మందును వెనక్కు తీయలేం. మరి పోస్తావా?" అన్నాను.

వాడు పొయ్యలేదు. వారం వారం పగడాన్ని పైకి తీసి, వేరే పళ్ళెంలో పెట్టి నీళ్ళు చిమ్మి, గుడ్లను గీకివేశాడు. ఒక కొమ్మ చచ్చిపోయింది. దానికి వాడు చాలా ఏడ్చాడు. కాని నేను తిరుగుప్రయాణమయ్యేనాటికి కాట్లు ఆగిపోయి, తక్కిన కొమ్మల చివర్లు లేతగా పెరగసాగాయి.

బాలలూ, మొక్కలను ఏపుగా పెంచుతుందని చెప్పే పొడి ఏదైనా మీకు దొరికితే, రెండు కుండీలలో మెంతులు చల్లి, ఒకదానికే ఆ పొడి వెయ్యండి. మట్టీ, నీరూ, ఎండా మాత్రం రెంటికీ సమంగా ఉండాలి. అప్పుడు మీరే చూసి చెప్పవచ్చు.