పెళ్లి క్యాసెట్‌కి హెచ్‌డీ కళ వస్తుందా?

కొత్త టీవీ కొంటే పాత బొమ్మ కూడా కొత్తగా కనిపిస్తుందని చాలామంది ఆశ. దుకాణంలో వేసి చూపించేవి రంగురంగుల చేపలూ, పూలతోటలూ. అవి హెచ్‌డీ కోసమే తీసినవి. అదే టీవీలో పాతికేళ్ల కిందటి పెళ్లి వీడియో పెడితే ముక్కుపుడక కాదు కదా, పట్టుచీర జరీ అంచు కూడా సరిగా ఆనదు!

కారణం సులువే. మనదేశంలో వాడిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లోనైనా, డీవీడీలోనైనా బొమ్మకు ఉండే గీతలు 576. పైగా అడ్డంగా చూస్తే, డీవీడీలో దక్కే వివరంలో సగమైనా క్యాసెట్లో ఉండదు. ఫుల్ హెచ్‌డీకి 1080 గీతలు, ఫోర్‌కేకి 2160. లేని గీతల్ని టీవీ పక్క గీతల్ని చూసి ఊహించి నింపుతుంది. దానికితోడు పాత చదరపు బొమ్మను వెడల్పు తెరకు సాగదీస్తే పెళ్లికొడుకు నుంచి పురోహితుడి దాకా అందరూ లావెక్కిపోతారు.

మరి 'మాయాబజార్' సంగతో? 1957 నాటి ఆ సినిమా 2010లో రంగుల్లో థియేటర్లకొచ్చింది. 2006లో వచ్చిన 'పోకిరి'ని 2022లో ఫోర్‌కేలో మళ్లీ ఆడించారు. అవి తీసింది ఫిల్ము మీద. 35 ఎం.ఎం. ఫిల్ములో వివరం ఆనాడే దాగి ఉంటుంది, స్కాన్ చేస్తే బయటపడుతుంది. కాబట్టి సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు హెచ్‌డీ దండగ కాదు. అయితే 32 అంగుళాల టీవీని పదడుగుల దూరంలో కూర్చుని చూసే ఇంట్లో మంచి డీవీడీకీ, హెచ్‌డీకీ తేడా కనిపెట్టడం కష్టమే.

ఏలూరులో ఒక ఇల్లాలికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఆమెకు కావాల్సింది నాన్న. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కదిలే బొమ్మగా ఆయన ఉన్నది 1993 నాటి ఆమె పెళ్లి క్యాసెట్ ఒక్కదాంట్లోనే. కొడుకు పెద్ద టీవీ తేగానే బీరువాలోంచి దాన్ని తీసి, 'ఇందులో తాతయ్య బాగా కనిపిస్తాడేమో చూడరా' అంది. 'ముందు ఇది ఆడించే మిషనేదమ్మా' అన్నాడు వాడు. నిజమే, జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది.

క్యాసెట్లు మార్చిచ్చే ఒకాయన దాన్ని చూస్తూనే టేపు అంచున తెల్లటి బూజు చూపించాడు. అలాగే ఆడిస్తే హెడ్డు పాడవుతుంది, తర్వాత వేసే క్యాసెట్లకూ బూజు అంటుకుంటుంది. శుభ్రం చేసి, మంచి వీసీఆర్లో ఒక్కసారి ఆడించి ఫైలుగా ఎక్కించాడు. 'ఇంకొంచెం ఇస్తే హెచ్‌డీ చేస్తా'నన్నాడు గానీ కొడుకు వద్దన్నాడు. మంచి పని చేశాడు. ఆ డబ్బు పెట్టాల్సింది శుభ్రం చేయించడానికే, ఫైలు రెండుచోట్ల దాచుకోవడానికే.

తాతయ్య కనిపించాడు, నలభై సెకన్లు. కండువా సర్దుకుని అక్షింతలు వేసి, కూతురి తల మీద చెయ్యి పెట్టి ఏదో అంటున్నాడు. పెదాలు కదులుతున్నాయి... వినిపించేది మాత్రం సినిమా పాట! ఆ రోజుల్లో పెళ్లి వీడియో అంటే అంతే. మంత్రాల మీద, మాటల మీద పాటలు అతికించేవాళ్లు.

ఏ ఫోర్‌కే టీవీ కూడా ఆ మాట వినిపించలేదు. పాట కలపకముందు తీసిన అసలు టేపు దొరికితేనే దారి. ఆమె వాకబు చేస్తే, ఆనాటి వీడియో ఆయన కొడుకు ఇప్పుడు డ్రోన్‌తో పెళ్లిళ్లు తీస్తున్నాడని తెలిసింది. అటక మీద నాన్నగారి టేపులు రెండు అట్టపెట్టెలున్నాయన్నాడట. బూజు పట్టాయో లేదో చూడలేదన్నాడు. ఆదివారం వస్తానని చెప్పిందామె.