ఎదురుగాలికి వంతులు

సైకిలు తొక్కేవాడికి కొండ కంటికి కనిపించే శత్రువు, గాలి కనిపించని శత్రువు. కొండ ఎంత ఎత్తుందో ముందే తెలుస్తుంది. ఎక్కితే ఒక పనైపోతుంది, ఆపైన దిగుడు దొరుకుతుంది. గాలికి శిఖరమూ లేదు, మైలురాయీ లేదు. ఈ రెండింటి సంగతీ మా ఐదుగురికి భీమిలి రోడ్డు ఒక్క ఆదివారంలో బోధపరిచింది.

ఆషాఢ మాసం. బుద్ధిమంతులెవరూ సైకిలు బయటికి తీయని రోజులు. వాల్తేరు మెట్ట దిగి బీచి రోడ్డెక్కి భీమిలి వైపు తిరిగేసరికి నైరుతి గాలి వీపున చెయ్యి వేసి తోసింది. జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, ఋషికొండ... ఎక్కడా ఆయాసమన్నది లేదు. నలుగురివి గేర్ల సైకిళ్ళు. ఐదోది మా పాలకొండ మిత్రుడిది. వాళ్ళ నాన్నగారు తొక్కిన నల్ల సైకిలు. కారియరూ స్టాండూ సహా 20 కిలోలకు తక్కువుండదు. అయినా వాడూ మాతో సమానంగానే వచ్చాడు. వెనకగాలి గుణమే అంత. తాను చేసిన పనిని మన ఖాతాలో వేసేస్తుంది.

సుమారు 15 కి.మీ. వెళ్ళాక ఎడమచేతి వైపు తొట్లకొండ దారి చీలింది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిపించుకున్న తొట్ల వల్లనే కొండకా పేరు. ఫిజిక్స్ మిత్రుడు అక్కడికక్కడే లెక్క కట్టాడు. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలు పైకెత్తడానికి ఇంచుమించు లక్ష జౌళ్ళ పని. "తిండి లెక్కన రెండు ఇడ్లీలు, అంతే గురూ!" అన్నాడు.

ఇడ్లీలు రెండే కావచ్చు గాని, ఎవరి ఇడ్లీలు వాళ్ళే అరిగించుకోవాలి. గేర్లవాళ్ళం నత్తల్లా పాకాం. పాలకొండవాడు సగం దూరం తొక్కి, దిగి, తోసుకుంటూ వచ్చాడు. పైన నిలబడి ఎదురుచూడటం తప్ప మేం చేయగలిగిందేమీ లేదు. వాడు పైకొచ్చి, చెమట తుడుచుకుని, సముద్రం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో అనబోయి మానేశాడు.

ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరాం. పెసరట్లు తిని, డచ్చివారి సమాధులూ, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటూ చూసి తిరుగుముఖం పట్టాం. అప్పుడు మొదలైంది అసలు కథ.

గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కి.మీ. వేగంతో పోయేవాడికి ఎదురుగా అంతే వేగంతో గాలి వీస్తే ఒంటికి తగిలేది 30 కి.మీ. గాలి, నిరోధం 4 రెట్లు! మంగమారిపేట దగ్గరికొచ్చేసరికి నల్ల సైకిలు బాగా వెనకబడింది.

"మీరెల్లిపోండ్రా, నాను మెల్లగా వచ్చేస్తాను," అన్నాడు వాడు.

ఎవరూ వెళ్ళలేదు. ఒకరి వెనక ఒకరం వరస కట్టాం. చక్రానికీ చక్రానికీ మధ్య మూరెడు జాగా. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. రెండేసి నిమిషాలకొక వంతు. నల్ల సైకిలుకి వంతు అక్కర్లేదన్నాం. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత పక్కకి తప్పుకుని, "నా వంతు నాకివ్వండ్రా" అంటూ ముందుకొచ్చాడు. ఆ వెడల్పాటి వీపు వెనక ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను!

సాగర్ నగర్ దగ్గర టీ తాగుతూ వాడు నోరు విప్పాడు. "ఈ సెమిస్టరుతో మానేస్తన్నాను. నాన్నకి ఒంట్లో బాగులేదు. మెస్ బిల్లు మూడు నెలల్ది ఉండిపోనాది. కొండ మీదే చెప్పేద్దామనుకున్నాను, నోరు రానేదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "గాలికి వేసుకున్న వంతులు బిల్లుకి వేసుకోలేమా?" అన్నాడు ఫిజిక్స్ మిత్రుడు. బాకీ నాలుగు వాటాలైంది. వాడు ఊరికే ఒప్పుకోలేదు. ఉద్యోగం రాగానే తీరుస్తానని నోటుబుక్కులో రాసుకున్నాడు. పైగా మాకెవ్వరికీ కొరుకుడుపడని స్టాటిస్టిక్స్ రాత్రిపూట చెప్పడం తన వంతన్నాడు.

నాన్న జబ్బు, ఊళ్ళో పొలం, ఇంటి బాధ్యత... ఆ కొండ మాత్రం వాడిదే. శనివారం శనివారం పాలకొండ బస్సెక్కి, వెళ్ళి, వాడే ఎక్కాడు. మేం ఎక్కిపెట్టలేకపోయాం. కానీ పరీక్షలు మాతోపాటే రాశాడు.

జూనియర్ మిత్రులారా! ఆషాఢంలో భీమిలి వెళితే పంక్చరు సామానూ, మంచినీళ్ళూ మరవకండి. పోయేటప్పుడు దారి సులువుగా ఉందని మురిసిపోకండి. తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తల తిప్పి, వెనక ఎవరు మిగిలిపోయారో చూసుకోండి.