లండన్ చర్చిలో మన గజ్జెల చప్పుడు

గుడివాడలో బస్సెక్కి పామర్రు దాటామంటే కూచిపూడి వచ్చేసినట్టే. ఓ కునుకు తీద్దామన్నా వ్యవధి ఉండదు. అంత పక్కనున్న ఊరి నాట్యం నేర్పుతుంటే మొట్టమొదటిసారి తీరిగ్గా కూర్చుని చూసింది ఎక్కడనుకున్నారు? లండన్‌లో. అదీ ఒక పాత చర్చిలో! నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు మాత్రం ఆ ఆశ్చర్యం ఇంకా దిగలేదు.

వెస్ట్ కెన్సింగ్టన్ అని ఒక పేట. అక్కడ కాసిల్‌టౌన్ రోడ్డులో, వరసగా ఉన్న ఇళ్ల మధ్య భారతీయ విద్యాభవన్ ఉంది. కె.ఎం. మున్షీ గారు 1938లో బొంబాయిలో స్థాపించిన సంస్థే. లండన్ శాఖ 1972లో మొదలైంది. తర్వాత సొంత చోటు కావాలని ఈ చర్చి భవనాన్ని కొనుక్కున్నారు. 1978లో అప్పటి బ్రిటిష్ ప్రధాని జేమ్స్ కల్లహన్ చేతుల మీదుగా ప్రారంభం జరిగింది.

"చర్చిని అమ్ముతార్రా ఎక్కడైనా?" అని మా అబ్బాయిని అడిగాను.

"వచ్చేవాళ్లు లేకపోతే ఏం చేస్తారమ్మా మరి" అన్నాడు వాడు, అదేదో రోజూ జరిగే బేరమైనట్టు.

ఆ దేశంలో అది నిజంగానే అంత మామూలు. ప్రార్థనకు వచ్చేవాళ్లు తగ్గి మూతబడిన గుళ్లను ఏం చెయ్యాలన్నది వాళ్లకు పెద్ద సమస్య. మంచి పాత కట్టడాలను పడగొట్టకుండా చూసుకోవడానికి 1969లో ఒక ప్రత్యేక నిధే పెట్టారు. దాని చేతిలో ఇప్పుడు మూడొందల యాభైకి పైగా చర్చిలున్నాయి. మిగిలినవాటిలో కొన్ని ఇళ్లయ్యాయి, కొన్ని ఇతర మతాలవాళ్ల ప్రార్థనాస్థలాలయ్యాయి. బ్రిక్ లేన్‌లో ఒకటుంది చూడండి, ఫ్రాన్సు నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో కట్టుకున్న చర్చి. తర్వాత అది మెథడిస్టులదైంది, ఆ తర్వాత యూదుల ప్రార్థనామందిరమైంది, 1976 నుంచి మసీదు. ఎవరు వచ్చినా గోడలు మాత్రం అవే!

సరే, భవన్ సంగతికొస్తాను. బయటినుంచి చూస్తే చర్చే, అందులో సందేహం లేదు. ఆ రూపాన్ని చెరిపేసి కొత్త ముఖం తగిలించలేదు వాళ్లు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. లోపల అడుగుపెట్టానో లేదో, ఒక గదిలోంచి మృదంగం, ఇంకో గదిలోంచి స్వరాలు. భరతనాట్యం, కథక్, కూచిపూడి, కర్ణాటక సంగీతం, హిందుస్తానీ, వీణ, తబలా, యోగా, సంస్కృతం... ఇన్నీ ఆ ఒక్క కప్పు కిందే నేర్పుతారు. మౌంట్‌బాటన్ పేరున ఒక ప్రదర్శనశాల కూడా ఉంది.

కూచిపూడి క్లాసు తలుపు దగ్గర నిలబడిపోయాను. పదేళ్ల పిల్లలు, జీన్స్ మార్చుకుని చుడీదార్లమీద చున్నీలు బిగించి కట్టుకున్నారు. అరమండిలో కూర్చున్నారు. టీచర్ తట్టుకర్రతో చెక్కముక్క మీద కొడుతూ జతి చెబుతోంది. ఒక పిల్ల అడుగు తప్పింది. కర్ర ఆగింది. "మడమ ఎక్కడ? మడమ!" అంది ఇంగ్లీషులో. మళ్లీ మొదటినుంచి. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ, కళ్లు నేలమీద పెట్టి, ఈసారి మడమను ఠక్కున కొట్టింది చూడండి, నాకు ఈల వెయ్యాలనిపించింది! ఈ వయసులో బాగోదని ఊరుకున్నాను.

బయట బల్లమీద తల్లులు కూర్చుని ఉన్నారు. నా చీర చూసి ఒకావిడ పలకరించింది.

"తెలుగువాళ్లా ఆంటీ? ఏ ఊరు?"

"గుడివాడమ్మా."

"అయ్యో, మాది నాగాయలంక అండీ!"

ఇక చెప్పేదేముంది. అవనిగడ్డలో ఎవరెవరున్నారో, చల్లపల్లిలో ఎవరింట్లో పెళ్లో అన్నీ వచ్చేశాయి. కూతురికి భామ జడ కట్టించాలని ఆవిడ కోరిక. తెర మీదుగా జడ విసిరి, నన్ను గెలవగలవాళ్లెవరని సత్యభామ సవాలు చేసే ఘట్టం ఉంది కదా, ఆ పిల్లకు అదంటే పిచ్చట. "వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టిన పాత వీడియోలు పెట్టుకుని చూస్తుందండీ. అది మగాయన అంటే నమ్మదు" అంది. నమ్మకపోవడమే ఆయనకు అసలైన మెప్పు.

అక్కడ కూర్చుని ఆ పాత చర్చి గోడలు చూస్తుంటే నాకు బందరు, అదే మన మచిలీపట్నం, గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్లు కోరమాండల్ తీరంలో మొదటి వర్తకస్థావరం పెట్టుకున్నది 1611లో మన బందరులోనే. మన అద్దకం బట్టలు ఓడలకెత్తుకుపోయారు, తర్వాత చర్చిలూ కట్టారు. సెయింట్ మేరీస్ చర్చి కథ బందరువాళ్లందరికీ తెలిసిందే. 1809లో అరబెల్లా రాబిన్సన్ అనే ఆమె చనిపోతే, ఆమె కేథలిక్ అని ప్రొటెస్టెంట్లు తమ శ్మశానంలో చోటివ్వలేదట. జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమె సమాధి మీదే చర్చి కట్టించాడంటారు. ఇంతటి కథ ఉన్న ఊళ్లో ఇంకా డచ్చివాళ్ల సమాధులున్నాయి, కోట శిథిలాలున్నాయి. పక్కనే పెడన కలంకారీ, ఇటు కూచిపూడి. గోడలూ ఉన్నాయి, కళలూ ఉన్నాయి. ఆ రెంటినీ ఒకచోట కలిపే ఆలోచనే ఇంకా మొలకెత్తలేదు.

బందరులో ఉప్పుగాలి ఇటుకను తినేస్తుంది, నిజమే. 1864 తుఫానుకు ముప్పై వేలమంది పోయిన ఊరది. సముద్రంతో పోరు మాటలు కాదు. కానీ లండన్‌లోనూ కష్టాలు లేకపోలేదు. ఓల్డ్ స్ట్రీట్‌లో సెయింట్ లూక్స్ అని 1733 నాటి చర్చి ఉంది. పునాదులు కుంగి పగుళ్లొచ్చి మూసేశారు, కప్పు కూడా తీసేశారు. దశాబ్దాలపాటు మొండిగోడలు వానకు తడుస్తూ నిలబడ్డాయి. 2003లో దాన్ని బాగుచేసి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రావాళ్లు సంగీత కేంద్రంగా తెరిచారు. మరి ప్రార్థనలు జరిగే గుడి సంగతో? ఇస్లింగ్టన్‌లో యూనియన్ చాపెల్ అనే 1877 నాటి చర్చి ఉంది. ఒకప్పుడు పడగొడతామన్నారు, చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు. ఇప్పుడు ప్రార్థనా జరుగుతుంది, కచేరీలూ జరుగుతాయి. ఎవరి దేవుణ్ణీ ఎవరూ బయటికి పంపనక్కర్లేదు.

లండన్‌లో పిల్లలున్న మన కృష్ణా జిల్లావాళ్లకు ఒక మాట. పెద్ద గడియారం, రాజుగారి బంగళా ఎలాగూ చూపిస్తారు. వెస్ట్ కెన్సింగ్టన్ రైలు స్టేషన్లో దిగితే భవన్ నడిచి వెళ్లేంత దూరమే. క్లాసులున్నప్పుడు వెళ్లండి. చెప్పులు విప్పి బల్లమీద కూర్చోండి. పక్కన కూర్చున్నవాళ్లను ఏ ఊరని అడగడం మాత్రం మర్చిపోకండి.