నష్టం రాసే గడి లేదు

నిన్న రాత్రి లింగంపల్లి స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే మా టీంలో తమ్ముడొకడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అన్నా, నేను పోగొట్టుకుందే ఎక్కువ. ఆదాయపు పన్ను శాఖ చూపించే ఏఐఎస్ పట్టికలో లక్ష గెలిచానని ఎందుకుంది?"

రెండు రమ్మీ యాప్‌లు. ఒకదాంట్లో లక్ష వచ్చింది, రెండోదాంట్లో లక్షన్నర పోయింది. వాడి దృష్టిలో యాభై వేలు నష్టం. చట్టం అలా చూడదు. 2023 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 115బీబీజే కింద ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద నేరుగా 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు. ఆ యాప్‌లో మనం వేసిన డబ్బు మినహాయిస్తారు. ఇంకో యాప్‌లో పోయింది మాత్రం ఇందులోంచి తీయనివ్వరు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్ళనివ్వరు. లక్షకి 31,200. ముప్ఫై వేలు యాప్ వాళ్ళే టీడీఎస్‌గా కోసేశారు.

తెలంగాణలో పందెం రమ్మీ 2017 నుంచే నిషేధం. లొకేషన్ మార్చి ఆడాడట. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపే చట్టం తెచ్చేదాకా ఆడుతూనే ఉన్నాడు. నిషేధం ఉన్నా వచ్చిన డబ్బుకు పన్ను తప్పదు, రిటర్న్‌లో దాచొద్దు అని గట్టిగా చెప్పాను.

నాకు పన్ను కంటే వాడి ముఖమే గుర్తొస్తోంది. "ఇంట్లో చెప్పావా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. రిటర్న్ ఇద్దరం కలిసి నింపుతాం. తర్వాత వాళ్ళ నాన్నకి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చుంటానని మాటిచ్చాను.